సెగావా వంతు

"చెప్పులేవండీ?" అని అడిగింది చిహయా.

బయాలజీ గది మూలన నిలబడ్డ కుర్రాడు తన కాళ్లవంక చూసుకున్నాడు. నల్ల సూటు, టై, కింద ఒట్టి పాదాలు.

"ఉండేవి. ఎవరో తీసేశారు," అన్నాడు.

అందుకే అతను వచ్చిన అలికిడి వినపడలేదనుకుంది.

జూన్‌లో ట్రైనీ టీచర్లు ఎవరు చదివిన బడికి వాళ్లే వస్తారు. అందరిదీ ఒకటే నల్ల సూటు, ఒకటే బెరుకు. ఎవరు ఏ సబ్జెక్టో వాళ్లలో వాళ్లకే సరిగ్గా తెలియదు. ఈ కుర్రాడి పేరు సెగావా, చిహయాలాగే తనదీ బయాలజీయేనట.

"మీ పాఠం ఎప్పుడు?"

"ఇంకా నా వంతు రాలేదండీ."

చిహయాకి జాలేసింది. అంతలోనే తన సంగతి గుర్తొచ్చి ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

శుక్రవారం ఆమె చివరి పాఠం. టీచర్లంతా వెనక వరసగా నిలబడి చూస్తారు. బయాలజీ చెప్పే పెద్దాయన కురాతా మాస్టారు మార్కులు వేస్తారు. కిందటేడు మాట తట్టక సగంలోనే దిగిపోయింది. ఈసారీ అలాగే అయితే ఇంక టీచరు ఉద్యోగం ఊసెత్తనని ఇంట్లో మాటిచ్చి వచ్చింది.

పాఠం ఎముకలు. పక్కనే ఇనుప స్టాండుకి అస్థిపంజరం వేలాడుతోంది. పిల్లలు దాన్ని తాతయ్య అంటారు. చిహయా ఇక్కడ చదివినప్పుడూ తాతయ్యే. వానలు పట్టాయంటే దాని కుడిచేతికి గొడుగులు తగిలించేవాళ్లు. ఇవాళా ఒకటి వేలాడుతోంది.

చిహయా పాఠం పైకి చెప్పుకుంది. సెగావా కుడి మణికట్టు నొక్కుకుంటూ విన్నాడు.

"ఉత్త పేర్లే చెప్తున్నారు. ఎవరివో చెప్పరేం?"

"ఏమిటి ఎవరివి?"

"ఎముకలు. ఎడమ భుజం ముందు చూడండి, విరిగి అతుక్కుంది. చిన్నప్పుడు మల్బరీ పళ్లకోసం చెట్టెక్కి పడ్డాడు."

"ప్లాస్టిక్ బొమ్మలు కూడా చెట్లెక్కుతాయా?"

సెగావా నవ్వాడు. నవ్వితే అతని ఎడమ భుజం కాస్త కిందికి వాలింది.

గదిలో ఉక్కగా ఉంది. అయినా చిహయా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను అక్కడే ఉండేవాడు. ఆమె తినడానికి తెచ్చుకున్న అన్నం ఉండలో సగం ఇవ్వబోతే వద్దన్నాడు.

గురువారం మెల్లగా అడిగాడు.

"రేపు మీ పాఠంలో నాకో ఐదు నిమిషాలిస్తారా?"

"భలేవారే. మార్కులు పోయేది నాకు. మీ వంతు వచ్చినప్పుడు చెప్పుకోండి."

"రాదండీ. రేపే ఆఖరు."

"నాకూ రేపే ఆఖరు. నన్ను వదిలేయండి సెగావా గారూ."

అతను నడుం వంచి నమస్కరించాడు. ఆమె సుద్దముక్క పెట్టెలో వేసి తిరిగేసరికి లేడు. ఆ గది తలుపు జరిపితే కిర్రుమంటుంది. ఆ చప్పుడు రాలేదు.

శుక్రవారం అనుకున్నంతా అయింది. పుర్రె, వెన్ను, పక్కటెముకలు అంటూ గడగడా చెప్పుకుపోయిన చిహయాకి తర్వాతి మాట తట్టలేదు.

ఓ పిల్ల కిసుక్కుమంది. వెనక కురాతా మాస్టారు గడియారం చూసుకున్నారు.

చిహయా ఆసరాకోసం చెయ్యి చాచితే తాతయ్య ఎడమ భుజం దొరికింది. వేళ్ల కింద ఏదో బుడిపె తగిలింది.

"ఈయన..." అంది. ఎందుకో ఇది అనబుద్ధి కాలేదు. "ఈయన చిన్నప్పుడు మల్బరీ చెట్టు మీంచి పడ్డాడు. ఇదిగో, ఇక్కడ విరిగింది."

నవ్వు ఆగిపోయింది.

"మరెలా అతుక్కుంది టీచర్?" వెనక బెంచీలో కునుకుతున్నవాడు తలెత్తాడు.

"దా, నువ్వే తాకి చూడు."

వాడొచ్చి తాకి, చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు. ఒక్కొక్కరే లేచి వచ్చారు. కిసుక్కుమన్న పిల్ల ఎవరూ చెప్పకుండానే తాతయ్య చేతి గొడుగు తీసి పక్కన పెట్టింది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

చిహయా గట్టెక్కింది.

గట్టెక్కాక సిగ్గేసింది. తను ఇవ్వనన్న ఐదు నిమిషాలే తన పరువు నిలబెట్టాయి. ఓ కాఫీ డబ్బా కొని, సెగావాకి ఇచ్చి క్షమించమని అడుగుదామని బయాలజీ గదికి పరిగెత్తింది.

కురాతా మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని ఎముకల్ని తెల్లగుడ్డలో చుడుతున్నారు. గుమ్మం దగ్గర గుడి మనుషులిద్దరు పెట్టెతో నిలబడ్డారు.

"నిజం ఎముకలు బళ్లలో ఉంచకూడదట, గుడికి అప్పగించాలట," అన్నారు మాస్టారు తలెత్తకుండా. "ఇవాళ్టి పాఠం అయ్యేదాకా ఆగమన్నాను."

"నిజమైనవా?"

"నువ్వే కదమ్మా చెప్పావు. పిల్లలు జడుసుకుంటారని ఇన్నేళ్లూ నేను నోరు విప్పలేదు." ఆయన చెయ్యి ఆగింది. "ఆ మల్బరీ చెట్టు సంగతి నీకెవరు చెప్పారు? ఆవేళ కొమ్మ మీద ఉన్నది మేమిద్దరమే."

చిహయా చేతిలో కాఫీ డబ్బా చల్లగా జారుతోంది.

"మీతోపాటు ఉన్నదెవరు మాస్టారూ?"

"సెగావా. ట్రైనింగ్‌కీ ఇక్కడికి కలిసే వచ్చాం," అంటూ ఆయన గుడ్డ ముడి బిగించారు. "తాతయ్య అంటారు గానీ వీడికి ఇరవై రెండేళ్లేనమ్మా, చివరి పాఠం చెప్పకుండానే ఆసుపత్రిలో పోతూ, నా ఎముకలైనా పిల్లల ముందు నిలబెట్టండి, ఎప్పటికైనా నా వంతు వస్తుందన్నాడు."