మిస్త్రీ భయ్యా

ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో స్టీలు రాడ్డు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ముసలాయన్ని కాళమ్మ ఎగాదిగా చూసింది.

"మిస్త్రీవేనా భయ్యా?"

ఆయన సంచీ కింద పెట్టి, "అవును దీదీ" అన్నాడు.

ఆస్టినాబాద్‌లో కాళమ్మ నోటికి జడవని మిస్త్రీ లేడు. ఆయన్ని బాత్రూం దాకా నడిపించి సంగతంతా చెప్పింది. ఇదంతా వాళ్లాయన కోసమట. ఆయనకి మతి నిలవడం లేదట. అన్నం తినేసి తినలేదంటాడట. మొన్న స్నానానికి వెళ్లి జారిపడితే మోచెయ్యి వాచింది. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా పట్టుకోడానికి ఏదైనా పెట్టిద్దామంటే, నేనేమైనా ముసలాణ్ణా అని ఎగురుతాడట.

"జెట్టీ కాడికి ఎల్లినాడు. వచ్చేలోగా కానిచ్చెయ్యి భయ్యా. సూస్తే పెట్టనివ్వడు."

మిస్త్రీ సంచీ విప్పాడు. కాళమ్మ చేపల బేరానికి కూర్చున్నట్టు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. రబ్బరు చాప నేలమీద పరిపించి కాలితో రుద్దింది. తెల్ల స్టూలుని పక్కకి తోసేసింది. తెల్ల టైల్సు మీద తెల్లది ఆయన కంటికి ఆనదు, నీలం రంగుది కావాలంది. అదృష్టం, అదీ తెచ్చాడు. రాడ్డు చూసి మాత్రం పెదవి విరిచింది.

"సబ్బు సెయ్యి ఏస్తే జారిపోద్ది. పడవ తాడు సుట్టు. ఎర్రది."

మిస్త్రీ రాడ్డుని గోడకి బిగించాడు. ఎర్ర నైలాను తాడు దగ్గర దగ్గరగా చుట్టి ముడి వేశాడు. కాళమ్మ వంగి ముడి చూసింది.

"మా ఆయనా ఇలాగే ఏస్తాడు. నువ్వూ ఏటకి ఎల్లేవోడివా?"

వెళ్లేవాణ్ణే అన్నాడు. దాంతో కాళమ్మకి హుషారొచ్చింది. పెళ్లైన కొత్తలో వైజాగులో ఓడెక్కి ఈ దీవులకి వచ్చిన కథ ఎత్తుకుంది. పేరుకే వాళ్లాయన సముద్రం మీద బతికేవాడు. ఓడలో ఉన్నన్ని రోజులూ వాంతులే, తనే ఆయన తల పట్టుకుని కూర్చుంది.

మిస్త్రీకి రోషం వచ్చింది. "అన్ని రోజులుండదులే దీదీ. ఒక్క రోజుంటాదేమో."

"నీకేటి తెల్సు?" అంది కాళమ్మ.

టీ తెచ్చిన కూతురు కాసులమ్మ నవ్వాపుకోలేక మళ్లీ వంటింట్లోకి పోయింది.

అన్నీ అమర్చాక మిస్త్రీ చేతులు తుడుచుకున్నాడు.

"బలం తెలియాలంటే ఎవరో ఒకరు కూకుని తానం సేసి సూడాల దీదీ. మీ ఆయన పడ్డాక తెలిస్తే ఏటి లాభం?"

కాళమ్మ ఆలోచించింది. "నిజమే. నేనే సూస్తాను."

తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి నడిచింది. ఎడమచెయ్యి కొంగులోంచి తియ్యకుండా, కుడిచేత్తో ఎర్ర తాడు గట్టిగా పట్టుకుని నీలం స్టూలు మీద కూర్చుంది. కూతుర్ని నీళ్లు తెమ్మని కేకేసింది.

అప్పటికి గానీ మిస్త్రీకి ప్రాణం కుదుటపడలేదు.

వేడినీళ్ల బకెట్టుతో వచ్చిన కాసులమ్మ ఆయన పక్కన ఆగి, గొంతు తగ్గించి, "అమ్మ చేత భయ్యా అనిపించుకుంటే అనిపించుకున్నావు గానీ నాన్నా, పడినప్పట్నించీ ఈ గది గడప తొక్కని మనిషిని తానానికి పంపించేవు" అంది.