అల్లం చేనుకు ఆటో

"పొద్దుగాలసంది నిలబడ్డ దేవమ్మా. రేపన్న పనికి వస్తరా, రారా?"

రామ్‌కిషన్ గొంతులో పటేలు దర్పం ఎప్పుడో జారిపోయింది. అరుగు మీద దేవమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ తీరిగ్గా తలెత్తింది. ఊళ్లో ఆడకూలీల గుంపుకు ఆమే పెద్ద. ఆమె కదిలితేనే మిగతావాళ్లు కదులుతారు.

"ఏమో పటేలా. ఒళ్లు జర ఆరాం అడుగుతుంది."

ఆరాం అడుగుతుందట, ఆరాం! కబురు పెడితే చాలు పరుగున వచ్చే మనిషి నోట ఈ మాట వింటానని అతను కలలో కూడా అనుకోలేదు. అవతల అల్లమంతా ఇంకా భూమిలోనే ఉంది. ధర బాగుంది, కానీ మబ్బులు పడుతున్నాయి. వాన కొట్టిందంటే గడ్డ కుళ్లి ఏడాది కష్టం మట్టిపాలే. కోహీర్ నుంచి కూలీలను తెద్దామంటే వాళ్లంతా వేరే చేలల్లో ఉన్నారు.

అంతా ఆ సంస్థవాళ్లు చేసిన పని! పని చేసినా చెయ్యకపోయినా మనిషికింత అని నెలనెలా ఖాతాలో వేస్తారట. షరతుల్లేవట. దాంతో పేదోళ్ల బతుకు ఎట్లా మారుతుందో చూస్తారట. ఝరాసంగం పక్క ఊళ్లలో మొదలైందని జహీరాబాద్‌లో కాపురముండే రామ్‌కిషన్ చెవిన కూడా పడింది. సుష్మ అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ఇదే అరుగు మీద కూర్చోవడం కళ్లారా చూశాడు కూడా.

"ఆ సంస్థ మేడమ్ మళ్ల వచ్చిందా?" అని ఆరా తీశాడు.

"నెలనెలా వస్తది పటేలా. ఏం తిన్నరు, ఏం కొన్నరు, అన్నీ అడుగుతది. మంచి పిల్ల."

ఇంకేం, వీళ్లకూ పైసలు పడుతున్నట్టే అనుకుని రామ్‌కిషన్ నుదురు కొట్టుకున్నాడు.

"సరే, కూలి పెంచుత."

"మొగోళ్లకు ఇచ్చినంత ఇస్తవా?"

"వాళ్లు తవ్వుతరు, మీరు ఏరుతరు. రెండూ ఒకటేనా?"

"కాదు గద. అయితే వాళ్లనే ఏరుమను."

రామ్‌కిషన్ ఆకాశం వైపు చూశాడు. నల్లగా ఉంది. "సరే, ఇస్త."

దేవమ్మ చేతిలో ఆకు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ సర్దుకుంది.

"చేను దూరం. నడిస్తే మోకాళ్లు గుంజుతయి."

"ఆటో పెడ్త!"

"పిల్లలను బడికి తోలినంక వస్తం."

"గట్లనే రాండ్రి తల్లీ!"

"నడిమిట్ల చాయ్ గూడ. అల్లం కొననీకి పోకు పటేలా, చేన్లదే వేద్దం."

లోపల్నుంచి ఆడవాళ్ల కిసకిసలు వినిపించాయి. రామ్‌కిషన్‌కు ఒళ్లు మండింది కానీ ఏం చేస్తాడు? "ఉత్త పుణ్యానికి పైసలు పడుతుంటే గిట్లనే ఉంటది" అని గొణుక్కుంటూ బండెక్కాడు. దేవమ్మ విననట్టే ఆకు నోట్లో పెట్టుకుంది.

మర్నాడు ఆటోలో కిక్కిరిసి వచ్చారు ఆడవాళ్లు. ఒకటే నవ్వులు, పరాచికాలు. చేతులు మాత్రం చకచకా ఆడాయి. వాన రాకముందే అల్లమంతా లారీ ఎక్కింది, అనుకున్నదానికంటే మంచి ధర పలికింది. ఆ సంతోషంలో ఇంటికి బయల్దేరిన రామ్‌కిషన్‌కు ఊరి చివర స్కూటీ మీద సుష్మ ఎదురైంది.

"ఓ మేడమ్, జర ఆగుండ్రి! మీ దయవల్ల మా కూలోళ్లకు నోళ్లు లేచినయి. బేరాలాడుతున్నరు, ఆటోల తిరుగుతున్నరు. రాస్కోండ్రి, మీ పైసలు మస్తు పనిచేస్తున్నయి!" అంటూ పెద్దగా నవ్వాడు. అల్లం అమ్ముడుపోయాక అతనికి కోపం నిలవలేదు.

సుష్మ అయోమయంగా చూసింది.

"మా పైసలా సార్? మేం రెండూళ్లల్ల అడుగుతం. ఒక ఊరికి ఇస్తం, ఇంకో ఊరికి ఇయ్యం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే గద తేడా తెలిసేది."

"మరి ఇయ్యని ఊరేది?"

"మీదే సార్."