లీట్రిమ్‌కి వచ్చినవాళ్ళు

ఐర్లండు పేపరు చదివి వినిపిస్తున్న నర్సు సలోమి చేతిని డెక్లన్ గట్టిగా పట్టుకున్నాడు. "మా లీట్రిమ్ కౌంటీలో జనాభా పెరిగిందా? మళ్ళీ చదువు!"

అమెరికాలోని పిస్కాటవే వృద్ధాశ్రమంలో మంచం పట్టిన ఆ ముసలాయన సంబరం చూసి ఆమె మళ్ళీ చదివింది.

"పాల ఫ్యాక్టరీ మూతపడ్డాక కుర్రాళ్ళమంతా వలసపోయాం. మా చెల్లి ఒక్కతే కదల్లేదు. పోయినవాళ్ళు తిరిగొస్తున్నారన్నమాట! దానికి ఫోన్ చెయ్యి."

చెల్లెలు ఉంటున్న అక్కడి వృద్ధాశ్రమానికి ఫోన్ చేసి, సలోమి ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పింది. అవతలి అమ్మాయి వెంటనే తెలుగులోకి మారింది.

"అక్కా, మాది భీమవరం. ఇక్కడ నర్సుని. ఆవిడ ఇందాకే నా చేతుల్లో పోయారు. మీకే ఫోన్ చేయబోతున్నా. పెట్టె మోయడానికి ఊళ్ళో నలుగురు లేరు. మా తెలుగు చర్చి అబ్బాయిలు మోస్తామన్నారు."

"మరి జనాభా పెరిగిందని పేపర్లో వేశారే?"

"పెరిగింది మేమే అక్కా."

సలోమి మంచం మీద కూర్చుని, చెల్లెలు పోయిన సంగతి చెప్పింది. డెక్లన్ గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చాడు.

"పోయేటప్పుడు దాని దగ్గర మావాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు" అంది సలోమి.