ముందుగది ఫ్యాను

హలో, అందరూ ఉన్నారా? నా మాట వినపడుతోందా? మీ ఇంట్లో ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే కాస్త తగ్గించుకుని వినండి. ఇది కూడా ఫ్యాను కథే.

ముందుగదిలో ఫ్యాను కాలిపోయింది. ఆ గదిలో పడుకునేది బస్సు డ్రైవరు. అక్కకి ఒక్కగానొక్క తమ్ముడు, బావకి బావమరిది. ఇంకా పెళ్ళి కాలేదు. తెల్లారకముందే డ్యూటీ ఎక్కాలి.

"మంచిది చూసి తెండి బావా. చప్పుడు లేకుండా ఉంటే చాలు. నిద్ర పట్టాలి నాకు" అని డబ్బిచ్చి మరీ పంపాడు.

అక్కా బావా కలిసి కొట్టుకి వెళ్ళారు.

"గది ఎంతుంటుందండీ?" అడిగాడు కొట్టాయన.

"పెద్దదే. ఇంటి మొత్తం మీద అదే పెద్దది. రెండు కిటికీలు కూడాను" అన్నాడు బావ.

"అయితే నలభై ఎనిమిది అంగుళాలది వేయండి. రాగి మోటారు. తిరుగుతోందో లేదో తలెత్తి చూస్తేగానీ తెలీదు."

స్విచ్ వేశాడు. గాలికి బల్ల మీది కాగితాలు లేచిపోయాయి. అక్క కళ్ళు మూసుకుని, "హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అంది.

"సరే, ఇది మేం పడుకునే గదికి ఇవ్వండి" అన్నాడు బావ. "ముందుగదికి వేరేది చూద్దాం. ఆ మూలనున్నదేంటి?"

"అదా? వంటగదికి వాడేది సార్. చిన్న రెక్కలు. పైగా మోత. కంపెనీకి వెనక్కి పంపేద్దామని పక్కన పెట్టాం."

"ఓసారి వేయండి, విందాం."

డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మొదలైంది.

"గాలేదీ?" అంది అక్క.

"రాదమ్మా" అన్నాడు కొట్టాయన, దాపరికం లేకుండా.

బావ ముఖం వెలిగిపోయింది. "ఇది కూడా కట్టేయండి."

కొట్టాయన స్విచ్ ఆపేశాడు. "ఇన్నేళ్ళుగా ఫ్యాన్లు అమ్ముతున్నాను. గాలి రానిది కావాలని అడిగింది మీరొక్కరే. ఎవరికండీ అది?"

"మా బావమరిదికి."

"ఓహో" అన్నాడు కొట్టాయన. ఆయనకీ బావమరుదులున్నారు. వెంటనే అట్టపెట్టె తీశాడు. తమ్ముడిచ్చిన డబ్బు రెండు ఫ్యాన్లకీ సరిపోయింది.

దారిలో అక్క మెల్లిగా అంది. "పాపం కదండీ వాడు."

"పాపమే. మరి మనమో? పిల్లలతో కలిసి లోపలి గదిలో ఎన్నాళ్ళని ఇరుక్కుంటాం? ముందుగది ఖాళీ అయిందనుకో, వీధివైపు తలుపుంది, జిరాక్సు మిషన్ పెట్టుకోవచ్చు. వాణ్ణి నోటితో పొమ్మనలేం. వాడంతట వాడే కదలాలి."

"కదులుతాడంటారా?"

"వాడికి మొహమాటం ఎక్కువ. అలాంటివాళ్ళకి ఒక్క ఫ్యాను చాలు."

బావే స్టూలెక్కి ఫ్యాను బిగించాడు. ఒక మరని మాత్రం బిగించీ బిగించనట్టు వదిలేశాడు. ఇప్పుడు మోతకి ఊపు కూడా తోడైంది.

మర్నాడు తమ్ముడు నసిగాడు. "బావా, ఫ్యాను కొంచెం ఎక్కువ మాట్లాడుతోంది."

"కొత్తది కదోయ్. మాట్లాడి మాట్లాడి అదే ఊరుకుంటుంది."

"గాలి కూడా..."

"మరీ ఎక్కువ గాలి ఒంటికి మంచిది కాదు. డ్రైవింగ్ చేసేవాడివి, నీకు నడుం నొప్పులొస్తాయి."

తమ్ముడు తలూపాడు. ఎదురుచెప్పే రకం కాదు మరి. ఫ్రిజ్‌లో నీళ్ళసీసా తీయాలన్నా "తీసుకోనా అక్కా?" అని అడిగేవాడు. అందరి స్నానాలూ అయ్యాకే బకెట్ ముట్టుకునేవాడు. పిల్లలు టీవీ చూస్తుంటే వెనక నిలబడి, వాళ్ళు పెట్టిందే చూసేవాడు.

మంచం ఆ గోడకి జరిపాడు, ఈ గోడకి జరిపాడు. చెవులకి తువ్వాలు చుట్టుకుంటే ఉక్క, విప్పితే మోత. కళ్ళు ఎర్రబడ్డాయి. ఒకరోజు మలుపు దగ్గర కునుకు పట్టేసింది. కండక్టరు కేకేసి భుజం పట్టి కుదిపాడు కాబట్టి బస్సు కాలవలోకి పోలేదు.

డిపో మేనేజరు పిలిపించాడు. "ఇంకోసారి కన్ను మూతపడిందో, నీకు స్టీరింగు ఇవ్వను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చే బస్సులు, పోయే బస్సులు చూసుకుందువుగాని."

బస్సంటే వాడికి ప్రాణం. ఆ సాయంత్రమే సూట్‌కేసు సర్దుకున్నాడు.

"అక్కా, డిపో పక్కన హాస్టల్లో మంచం దొరికింది. కొన్నాళ్ళు అక్కడుంటాను."

"అదేంట్రా? మేమేమన్నా అన్నామా?" అంది అక్క.

"అయ్యో, మీరెందుకంటారు? నిద్ర చాలట్లేదంతే. మీరేం అనుకోకండి బావా."

"మేమేం అనుకుంటామోయ్. ఉద్యోగం ముఖ్యం" అన్నాడు బావ. అప్పటికే సూట్‌కేసు గుమ్మం దాటించేశాడు. "ఫ్యాను కావాలంటే విప్పి ఇవ్వనా?"

"వద్దు బావా, ఇక్కడే ఉండనీయండి" అన్నాడు తమ్ముడు గబగబా.

అక్క ముందుగది కిటికీలు తెరుస్తోంది. జిరాక్సు మిషన్ ఎక్కడ పడుతుందో బావ జానలతో కొలుస్తున్నాడు. తమ్ముడు సూట్‌కేసుతో గేటు దాటాడు.

మొక్కలకి నీళ్ళు పడుతున్న ఎదురింటాయన పైపు కింద పడేసి, రోడ్డు మధ్యకొచ్చి అడిగాడు.

"వాళ్ళింటికి రంగులయ్యేదాకా ఉండి వెళ్తామని వచ్చిన అక్కాబావల్ని లోపల పెట్టి, ఇల్లుగలవాడివి నువ్వు హాస్టల్‌కి పోతున్నావేంటయ్యా?"

ఈ కథ నలుగురికీ పంపండి. మీ ఇంట్లో ఇప్పుడు చుట్టాలుంటే మాత్రం, వాళ్ళు చూడకుండా పంపండి.