తలుపు మీద దెల్చో

చలికాలం ప్లోవ్‌దివ్ నగరంలో ఐదింటికే చీకటి పడుతుంది. రుమ్యానా నాలుగో అంతస్తు ఎక్కేసరికి మెట్ల దీపం ఆరిపోయింది. ఫోన్ వెలుగులో తాళం వెతుకుతుంటే, తలుపు మీద నల్ల అంచు కాగితం కనిపించింది. అక్కడ ఎవరైనా పోతే నలభయ్యో రోజున వాళ్ల తలుపుకి అంటించే చావు కబురు.

ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది.

ఫోటోలో ఎవరో పెద్దమనిషి, ఎడమ కనుబొమ్మ మీద గాటు. ఎక్కడో చూసిన మొహమే. ఫోన్ దగ్గరికి జరిపి కింద పేరు చదివింది. ఇన్‌స్పెక్టర్ దెల్చో వ్రానెవ్. ఆమె రాసిన, ఇరవై దేశాలవాళ్లు చదివే పదకొండు నవలల్లో దొంగల్ని పట్టి, కొత్త నవలలో ఆమె చేతిలోనే చచ్చినవాడు.

వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగింది.

"నేనే అంటించానే!" పక్కింటి త్సోన్కా, చేతిలో దినాలకి పంచిపెట్టే, పంచదార చల్లిన ఉడికిన గోధుమల గిన్నె. "పుస్తకం వచ్చి ఇవాళ్టికి నలభై రోజులు. చంపింది నువ్వు, దినం చేసేది నేను. వాడికి మాత్రం ఎవరున్నారే, పాపం?"

"పిన్నీ! నా పైప్రాణాలు పైనే పోయాయి!"

రుమ్యానా గోడకి ఆనుకుని పడీపడీ నవ్వింది. ఇద్దరూ అక్కడే నిలబడి ఒకే చెంచాతో గోధుమలు తిన్నారు.

"ఏ పుస్తకంలోనూ వాడి మొహం ఇలా ఉంటుందని రాయలేదు నేను. అచ్చం నా మనసులో ఉన్నట్టే ఉన్నాడు, ఆ గాటుతో సహా. ఫోటో ఎక్కడ పట్టావు పిన్నీ?"

త్సోన్కా నమలడం ఆపింది.

"ఫోటో ఏమిటే? మొహం తెలీనివాడికి ఫోటో ఎక్కణ్ణించి తేను? ఆ చోటు ఖాళీగానే వదిలేశాను."