మెడ వదులైన సైకిలు

“బండి లోపలికి తీసుకురామ్మే, ఎండలో ఎందుకు నిలబడతావు?” అన్నాడు క్రీస్తుదాసు.

అన్న కూతురు జయశీల కదలలేదు. తండ్రి సైకిలుకు రోడ్డు పక్కనే స్టాండు వేసి, “వద్దులే చిన్నాయనా. ఈ బండి నీ అంగడి గడప తొక్కకూడదన్నావంట కదా,” అంది.

అలా అన్నది నిజమే. చైనా యుద్ధం జరిగిన ఏడు అన్న హెబ్రోను కొత్త సైకిలు కొన్నాడు. కొనడం తప్పు కాదు. విడిభాగాలను నెల్లూరులోనే ఎవరిచేతనో బిగింపించుకుని ఊళ్ళోకి వచ్చాడు. చిల్లకూరులో సొంత తమ్ముడు సైకిలు అంగడి పెట్టుకుని కూర్చుని ఉండగా! క్రీస్తుదాసుకు ఒళ్ళు మండిపోయింది. నలుగురి ముందూ నోరు జారాడు.

హెబ్రోను బడిపంతులు, మాట పడే మనిషి కాదు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇక అన్నే ముందు పలకరించాలని తమ్ముడు, తమ్ముడే ముందు పిలవాలని అన్న. తగవు తీర్చుకోనివాళ్ళు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టరాదని వాళ్ళ గుడిలో పద్ధతి. రొట్టె పంచే ఆదివారాల్లో ఇద్దరూ చెరో గుమ్మంలోంచి ముందే బయటికి వచ్చేసేవాళ్ళు. రొట్టెనైనా వదులుకున్నారు గానీ పంతం వదులుకోలేదు.

దానికి తోడు ఆ చప్పుడొకటి. రోజూ పొద్దున కూతుర్ని క్యారియరు మీద కూర్చోబెట్టుకుని బడికి పోతూ హెబ్రోను అంగడి ముందుకు వచ్చేసరికి, సైకిలు హ్యాండిలు కింద టకటకమని మోగేది. మామూలుగా ఎవరి బండి మోగినా క్రీస్తుదాసు ఊరుకునే రకం కాదు. దారిన పోయేవాణ్ణి కేకేసి ఆపి మరీ నట్టు బిగించి పంపేవాడు. ఈ అలవాటు చూసి ఊరంతా నవ్వుకునేది. అన్న బండికి మాత్రం తల ఎత్తేవాడు కాదు. ‘మోగుతూనే తిరుగుతా గానీ నీ చేత బాగు చేయించుకోను’ అని తన మొహాన కొట్టి పోతున్నాడనుకునేవాడు.

మూడేళ్ళు అలాగే గడిచాయి. కిందటి నెల ఒక పొద్దున, ఎప్పటిలాగే మోగించుకుంటూ అంగడి దాటిన హెబ్రోను బడి చేరకముందే గుండె పట్టుకుని పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. మట్టి వేయడానికి వెళ్ళిన క్రీస్తుదాసు వదిన మొహం చూడలేకపోయాడు. ఆ రోజు నుంచి ఒకటే బెంగ. అన్న తనను తిట్టుకుంటూనే పోయాడా?

“ఆదివారం కోత పండగ. అమ్మ ఈ బండిని గుడికి ఇచ్చేస్తా ఉంది, కానుకల వేలంలో పెడతారంట,” అంది జయశీల. “చప్పుడు తీసేసి ఇయ్యి, చాలు.”

క్రీస్తుదాసే గడప దాటి బయటికి వచ్చాడు. రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. ముందు బ్రేకు బిగబట్టి, హ్యాండిలు కింది అతుకు మీద వేలు పెట్టి, బండిని ముందుకీ వెనక్కీ ఊపాడు. వేలి కింద టక్కుమంది.

“మెడ వదులైంది. ఇన్నేళ్ళు ఇట్టా తొక్కితే లోపల బేరింగు గుండ్లు అరిగిపోయుంటాయి, అవి తిరిగే కప్పుల్లో గుంటలు పడుంటాయి. నా కాడికి ఒక్కసారి వచ్చుంటే...”

సీటు కింది తోలుసంచిలో పెద్ద స్పానరొకటి కనిపించింది. పంతులుకి ఇదెందుకో అనుకుంటూ దాంతోనే పైనున్న లాకు నట్టు విప్పాడు. అన్నీ కిరసనాయిల్లో కడిగాడు. గుండ్లు ఒక్కటీ అరగలేదు. కప్పులు అద్దంలా నున్నగా ఉన్నాయి. నట్టు అంచులు మాత్రం ఎన్నోసార్లు విప్పి బిగించినట్టు మొద్దుబారి ఉన్నాయి.

“మీ నాయన దీన్ని ఇంకెవరికన్నా చూపించినాడా?” అన్నాడు. గొంతులో అసూయ దాగలేదు.

“ఎవురికీ చూపించలేదు.”

“వింతగా ఉందే! మూడేళ్ళు మోగిన బండిలా లేదు.”

కొత్త గ్రీజు పూసి గుండ్లు పేర్చాడు. పై కప్పును చేత్తోనే బిగించి, పిసరంత వెనక్కి తిప్పి, అది కదలకుండా పట్టుకుని నట్టు బిగించాడు. ముందు చక్రం జానెడు ఎత్తి వదిలాడు. చప్పుడు లేదు. ఆ టకటక ఇక వినపడదనుకుంటూనే చక్రాన్ని మరోసారి ఎత్తి వదిలాడు.

“అమ్మే, నిజం చెప్పు. మీ నాయన నన్ను తిట్టుకునేవాడా?”

“ఒక్కనాడూ తిట్టలేదు.”

“మరి నా అంగడి కాడ ఎందుకు దిగలేదు? ఒరే, ఈ చప్పుడేందో చూడరా అని ఒక్కసారి అనుంటే ఆయన సొమ్మేం పోయేది? ఎదురొచ్చి చేసుండేవాణ్ణి కదమ్మే!” క్రీస్తుదాసుకు ఏడుపు ఆగలేదు. గ్రీజు చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

జయశీల తమ ఇంటి నుంచి వచ్చే దారిలో, మలుపు అవతలి కాలవ తూము వైపు చూసింది. తండ్రి స్పానరును తోలుసంచిలో పెట్టి, మెల్లగా అంది.

“రోజూ ఆ తూము కాడ దిగి, నాయనే నట్టు వదులు చేసేవాడు, చిన్నాయనా.”