ఎప్పుడూ ఎక్కని మనిషి

"ఇంకో ముప్పావుగంటలో తలుపులు తీస్తాం. మీ బొమ్మ చూసి ఎక్కారా, పని మీది. ఎక్కలేదా, నమస్కారం!" అన్నాడు మాల్ మేనేజరు, గడియారం చూసుకుంటూ.

బొమ్మలు గీసే అమ్మాయి తలూపింది. ఎస్కలేటర్‌కు ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఒళ్ళో ల్యాప్‌టాప్, పక్కన చేతిసంచితో వాళ్ళ అమ్మమ్మ. మెట్ల మొదట్లో నిలబెట్టిన పొడుగాటి తెర మీద ఒక బొమ్మ ఎక్కుతోంది, మాయమవుతోంది, మళ్ళీ మొదటి నుంచీ ఎక్కుతోంది.

మేనేజరు బాధ మేనేజరుది. వచ్చినవాళ్ళలో సగంమంది ఆ మెట్ల దాకా వచ్చి, కాలు ముందుకు చాపి, చటుక్కున వెనక్కి లాక్కుని కింది నుంచే ఇంటికి పోతున్నారు. పై అంతస్తు దుకాణాలవాళ్ళు రోజూ ఆయన్ని కాల్చుకు తింటున్నారు. ఎలా ఎక్కాలో ఆరు గళ్ళలో బొమ్మలు వేసి కాగితం పోస్టరు అతికిస్తే, దాని మొహం చూసినవాడు లేడు. అందుకే ఈ కదిలే పోస్టరు. జన్మలో ఎస్కలేటర్ ఎక్కని మనిషిని తెచ్చి ఎక్కించి చూపిస్తేనే ఒప్పుకుంటానని షరతు పెట్టాడు. "మా ఇంట్లోనే ఒకరున్నారండీ" అన్న అమ్మాయి, ఇవాళ పొద్దున్నే అమ్మమ్మతో సహా దిగింది.

అమ్మమ్మ తెర వంక చూసింది. మనవరాలి వంక చూసింది. పెదవి విరిచింది.

"లాభం లేదే. నీ బొమ్మ కాళ్ళకేసి చూసుకుంటూ ఎక్కుతోంది. అలా చూస్తే కళ్ళు తిరగవూ? తల ఎత్తించు."

అమ్మాయి ఎత్తించింది. తల మరీ ఎక్కువ లేచి, బొమ్మ పైకప్పు మీద బల్లిని వెతుకుతున్నట్టు తయారైంది. మేనేజరు నవ్వు ఆపుకున్నాడు. అమ్మాయి గబగబా మెడ దించి, చూపు పైమెట్టు మీద నిలిపింది.

"ఇప్పుడో?"

"తల బానే ఉంది. నడకే, గంతులేస్తున్నట్టుంది. అసలు మెట్లు అంత జోరుగా వస్తున్నాయా? కాస్త అటు చూడు."

మేనేజరూ చూశాడు. నిజమే. తెర మీద మెట్లు పరుగులు పెడుతున్నాయి. పక్కన అసలువి తాపీగా పుట్టుకొస్తున్నాయి.

"ఒక్కసారైనా ఎక్కి చూసి గీశారా?" అడిగాడు.

"వీడియో చూసి గీశానండీ."

"భేష్! ఒడ్డున కూర్చుని ఈత నేర్పడమంటే ఇదే."

అమ్మాయి మొహం చిన్నబోయింది. అనవసరంగా నోరు జారానని మేనేజరు నొచ్చుకున్నాడు. అమ్మాయి అసలు మెట్లను చూస్తూ లెక్కపెట్టుకుని, బొమ్మ వేగం తగ్గించింది. బొమ్మ కాళ్ళ దగ్గర 'ఒకటి', 'రెండు' అని అంకెలు వెలిగించి, మూడో లెక్కకు అడుగు వేయించింది. మధ్యమధ్య మీటలు తప్పు నొక్కి, నాలిక్కరుచుకుని దిద్దుకుంది. మొదటి పెద్ద పని కాబోలు పాపం, అనుకుని మేనేజరు మంచినీళ్ళు తెప్పించాడు. అమ్మమ్మ మాత్రం మనవరాలి మోచేయి వదలలేదు. ఈవిడ భయం ఈవిడది, అనుకున్నాడు.

"ఇంకా ఏం లోటు అమ్మమ్మా?"

"ఒక్కర్తే ఎక్కుతోందే. పక్కన ఒక మనిషి ఉంటే ఎంత ధైర్యం!"

మేనేజరుకు తలప్రాణం తోకకొచ్చింది. "అమ్మగారూ, ఇది పోస్టరు, పెళ్ళి ఫోటో కాదు!"

"భయపడేవాళ్ళు ఒంటరిగా ఎక్కుతారా నాయనా? ఎక్కగలిగితే వాళ్ళకు నీ పోస్టరెందుకు?"

"సరే, కానివ్వండి," అన్నాడు మేనేజరు, మళ్ళీ గడియారం చూసుకుంటూ.

కొత్త బొమ్మ గీసే తీరిక లేదు. అమ్మాయి ఉన్న బొమ్మకే నకలు తీసి, కాస్త పొట్టి చేసి, నెత్తిన కొప్పు పెట్టింది. ఒకరి చెయ్యి ఒకరి చేతిలో పెట్టి, రెండో చేతులతో చెరోపక్క కమ్మీ పట్టించింది. తెర మీద ఇద్దరూ కలిసి అడుగు వేశారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నారంటే, మేనేజరు గడియారం సంగతే మరిచిపోయాడు.

అమ్మమ్మ లేచింది. "పదవే."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్ల ముందు నిలబడ్డారు. ఒకటి, రెండు. ఒక మెట్టు వెళ్ళిపోయింది. ఒకటి, రెండు. ఇంకో మెట్టూ వెళ్ళిపోయింది. ఊడ్చేవాళ్ళు చీపుర్లు ఆపారు. వాచ్‌మన్ తలుపు తాళం వదిలేసి వచ్చాడు. మేనేజరు తనకు తెలియకుండానే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఒకటి... రెండు... అడుగు!"

ఎక్కేశారు! ఇద్దరూ భుజానికి భుజం ఆనించి మెల్లగా పైకి సాగిపోతుంటే కింద అంతా చప్పట్లు కొట్టారు. పైన కాలు పెట్టగానే అమ్మాయి అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చేసింది. పని దొరికిన సంతోషం మరి! మేనేజరు రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి పరుగెత్తాడు.

"పని మీదేనమ్మా! ఒక్క గీత కూడా మార్చొద్దు," అని అమ్మాయితో చెప్పి, పెద్దావిడకు రెండు చేతులూ జోడించాడు. "మీ ధైర్యానికి దండం పెట్టాలి అమ్మగారూ! ఈ వయసులో, జీవితంలో మొట్టమొదటిసారి..."

అమ్మమ్మ మనవరాలి కళ్ళు తుడుస్తూ నవ్వింది. "నాకేం నాయనా, ఈ మెట్ల మీదే మీ పై అంతస్తుకు వారానికి రెండుసార్లు వస్తూనే ఉంటాను. మొట్టమొదటిసారి ఎక్కింది ఇదిగో, నా మనవరాలు!"